చవక బర్బన్, కుర్ర రై: కొనదగ్గవేనా?

డాలస్ గోదారోడు

అందరికీ నమస్కారం. మన దగ్గర స్కాచ్ మీద పేజీలకు పేజీలు రాశారు. అమెరికన్ విస్కీ మీద, అందులోనూ పాతిక ముప్పై డాలర్ల లోపు సీసాల మీద మాత్రం ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. అందుకే ఈ థ్రెడ్.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, వాదించేవాళ్లు వాదించండి. నాలుగేళ్లు పీపాలో ఉన్న బర్బన్ (ఎక్కువగా మొక్కజొన్నతో కాచే అమెరికన్ విస్కీ), నాలుగేళ్ల రై (రై అనే ధాన్యంతో కాచేది) శుభ్రంగా తాగదగ్గ సరుకు. ఇక్కడ మనవాళ్ల ఇళ్లలో సీసా బల్ల మీద పెట్టగానే అడిగేవి రెండే: ఎన్నేళ్లది, ఎంతకి కొన్నావు. పన్నెండేళ్లంటే మర్యాద. అంకె లేకపోతే పక్కకి నెట్టేస్తారు. ఇది స్కాచ్‌తో అలవాటైన లెక్క. స్కాట్లాండ్‌లో చలి, పీపాలు కూడా చాలావరకు ఒకసారి బర్బన్‌కో షెర్రీ వైన్‌కో వాడేసినవి. అలాంటి పీపాలో చెక్క గుణం దిగాలంటే ఏళ్లూ పూళ్లూ పడుతుంది. కెంటకీలో బర్బన్‌కి చట్టప్రకారం ప్రతిసారీ కొత్త ఓక్ పీపా, అదీ లోపల బొగ్గయ్యేలా కాల్చింది. గోదాము పై అంతస్తుల్లో ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ నాలుగేళ్లంటే తక్కువేం కాదు. రెండింటినీ ఒకే కొలబద్దతో కొలవడం అన్యాయం.

ఎవాన్ విలియమ్స్ బాటిల్డ్ ఇన్ బాండ్ అని తెల్ల లేబుల్‌తో వస్తుంది చూడండి, మా దగ్గర ఇరవై డాలర్లకి అటూ ఇటూగా దొరుకుతుంది. 50 శాతం ఆల్కహాల్. మొదట కారమెల్, తర్వాత వేయించిన వేరుశెనగ, చివర్లో కాస్త మిరియం. దీనికి మూడు రెట్లు పెట్టి కొన్నవాటిలో దీని ముందు నిలబడలేనివి నాకు చాలానే తగిలాయి. మీరేమంటారు?

ఓరుగల్లు న్యూజెర్సీ

అన్నా, నేనైతే ఒప్పుకోను. ఓల్డ్ క్రో తాగి చూడు, లేబుల్ మీద మూడేండ్లు అని వాళ్లే రాసుకున్నరు. మూత తీయంగనే పచ్చి మక్కల వాసన. గొంతుల మంట, ఎనుక రుచి ఏం మిగలది. కోలాల పోసుకుంటే నడుస్తది, ఉత్తగ తాగాలంటే నడవది.

మనం నెలకు తాగేదే కొంచెం. గా కొంచెం కోసం చవకది ఎందుకు? రెండు ఇరవై డాలర్ల సీసాలు కొనే కాడ ఒక్క మంచి సీసా కొనుక్కో, నిమ్మలంగ తాగు. నా లెక్కల బర్బన్‌కు ఆరేండ్లు కనీసం. ఎనిమిది తొమ్మిదేండ్లయితే ఇంకా మంచిది. నాబ్ క్రీక్ తొమ్మిదేండ్లది 50 శాతంల వస్తది, నలభై డాలర్ల చుట్టుముట్టు. అసలు బేరం అది.

చికాగో అక్క

ఓరుగల్లు తమ్ముడూ, నువ్వు చెప్పింది బర్బన్ గురించి. రై సంగతి వేరు. తీరిగ్గా రాస్తాను, పిల్లల్ని స్కూల్లో దింపి రావాలి.

లూయివిల్ పక్కూరు

నేనుండేది బార్డ్స్‌టౌన్‌కి కారులో ముప్పావుగంట దూరం. ఇక్కడ మనుషులకన్నా నిండు పీపాలు ఎక్కువ. ఆ లెక్క కెంటకీ రాష్ట్రం మొత్తానికీ నిజమే.

ఈ చర్చలో రెండు వేరు వేరు విషయాలు కలిసిపోతున్నాయి. కుర్రది అంటే ఒకటి, చవకది అంటే మరొకటి. వైల్డ్ టర్కీ 101 చవకే, కానీ కుర్రది కాదు. అందులో కలిపేది ఆరు నుంచి ఎనిమిదేళ్ల సరుకు. ఇంకోపక్క కొత్తగా పెట్టిన చిన్న డిస్టిలరీలు రెండేళ్ల బర్బన్‌ని అరవై డాలర్లకి అమ్ముతున్నాయి. అది కుర్రది, చవకది కాదు. డాలస్ గారు పొగిడిన ఎవాన్ విలియమ్స్ మూడో రకం: వయసు తక్కువ, ధరా తక్కువ, అయినా పద్ధతి మాత్రం పెద్ద డిస్టిలరీది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేస్తే మాట ముందుకు సాగదు.

లేబుల్ చదవడం వస్తే సగం అనుమానాలు తీరిపోతాయి. బర్బన్ అనాలంటే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, రై విస్కీ అయితే 51 శాతం రై. కాచి దించినప్పుడు 80 శాతం ఆల్కహాల్ దాటకూడదు, పీపాలో పోసేటప్పుడు 62.5 దాటకూడదు. బర్బన్‌లో రంగు గానీ రుచి కోసం ఇంకేదైనా గానీ కలపడానికి వీల్లేదు. 'స్ట్రెయిట్' అని ఉంటే కనీసం రెండేళ్లు పీపాలో ఉన్నట్టు. ఇప్పుడు అసలు సంగతి: నాలుగేళ్లకు తక్కువైతే వయసు లేబుల్ మీద రాసి తీరాలి. అంటే స్ట్రెయిట్ బర్బన్ సీసా మీద వయసు కనపడలేదంటే అది కనీసం నాలుగేళ్లది. అంకె లేదని మనవాళ్లు పక్కన పెట్టేసేది, మూడేళ్లని చిన్న అక్షరాల్లో రాసినదానికన్నా పెద్దది.

ఇక బాటిల్డ్ ఇన్ బాండ్ చట్టం 1897 నాటిది. అప్పట్లో రెక్టిఫయర్లని ఉండేవాళ్లు. రుచీ వాసనా లేని ఉత్త సారాయి తెచ్చి, రంగు కోసం, ఘాటు కోసం పొగాకు దగ్గర్నుంచి అయోడిన్ దాకా కలిపి విస్కీ పేరుతో అమ్మేవాళ్లు. నిజాయితీగా కాచేవాళ్లకి దిక్కులేక కల్నల్ ఇ.హెచ్. టేలర్ లాంటి డిస్టిలరీ యజమానులు పట్టుబట్టారు, ఆర్థిక మంత్రిగా ఉన్న జాన్ కార్లైల్ వెనక నిలబడ్డాడు, చట్టం వచ్చింది. ఒకే డిస్టిలరీ, ఒకే సీజన్, ప్రభుత్వ పర్యవేక్షణలో ఉన్న గోదాములో కనీసం నాలుగేళ్లు, సరిగ్గా 50 శాతం. ఇన్నేళ్లయినా ఆ నాలుగు షరతులూ మారలేదు. ఇరవై డాలర్ల సీసా మీద ఆ మూడు మాటలు కనపడితే అంతకన్నా గట్టి హామీ ఎనభై డాలర్ల సీసా మీద చాలాసార్లు ఉండదు.

సీమ బెంగళూరు

పక్కూరన్నా, భలే రాసినావు. నాదొక డౌటు. ఆ బాండ్ సీసా ఎవురు కాచినారో మనకెట్లా తెలుస్తాదప్పా? పేర్లు చూస్తే అందరూ తాతలే, ముత్తాతలే ఉండారు.

లూయివిల్ పక్కూరు

లేబుల్ మీద డి.ఎస్.పి. నంబరు, అంటే కాచిన డిస్టిలరీకి ప్రభుత్వమిచ్చిన నంబరు, ఉంటుంది తమ్ముడూ. బాండ్ సీసాకి అది తప్పనిసరి. 'డి.ఎస్.పి. కెవై 1' అంటే లూయివిల్‌లోని బెర్న్‌హైమ్ డిస్టిలరీ, హెవెన్ హిల్ వాళ్లది. ఎవాన్ విలియమ్స్, రిటెన్‌హౌస్ రై రెండూ అక్కడివే. 1996 నవంబరులో బార్డ్స్‌టౌన్‌లో వాళ్ల పాత డిస్టిలరీ కాలిపోయింది. సుమారు 90 వేల పీపాలు మంటల్లో పోయాయి. కొన్నేళ్లు వేరేవాళ్ల దగ్గర కాయించుకుని, 1999లో బెర్న్‌హైమ్ కొనుక్కున్నారు. అందుకే పాతకాలం రిటెన్‌హౌస్ సీసాల మీద వేరే నంబరు కనిపిస్తుంది.

కెమిస్ట్రీ ల్యాబు

ఓరుగల్లు అన్న చెప్పిన పచ్చి మొక్కజొన్న వాసన కట్టుకథ కాదు. కాచి దించిన సరుకులో ధాన్యం వాసనలు, గంధకం తాలూకు వాసనలు ఉంటాయి. కాల్చిన పీపా లోపలి బొగ్గు పొర ఆ గంధకాన్ని పట్టేసుకుంటుంది. బొగ్గు కింద ఎర్రగా కాలిన చెక్క ఉంటుంది. అక్కడ లిగ్నిన్ విరిగి వెనిలా వాసన, హెమిసెల్యులోజ్ విరిగి కారమెల్ రుచి, ఓక్ లాక్టోన్ల నుంచి కొబ్బరి లాంటి వాసన వస్తాయి. ఎండకి సరుకు వ్యాకోచించి చెక్కలోకి వెళ్తుంది, చలికి వెనక్కి వస్తుంది. ఇదంతా మొదటి రెండు మూడేళ్లలో జోరుగా సాగిపోతుంది.

తొందరపడని పని ఇంకొకటుంది. చెక్క గుండా గాలి మెల్లగా లోపలికి వస్తుంది, ఆల్కహాల్, ఆమ్లాలు ఒకదానితో ఒకటి కలిసి ఎస్టర్లవుతాయి. పళ్ల వాసన, నోట్లో నునుపుదనం అక్కడివే. దాన్ని ఉరికించడం కుదరదు. చాలామంది ప్రయత్నించారు. మామూలు పీపా 53 గ్యాలన్లు, అంటే 200 లీటర్లు. చిన్న డిస్టిలరీలు ఐదు, పది గ్యాలన్ల పీపాల్లో పోసి ఏడాదిలో సీసాకెక్కించాయి. సరుకుతో పోలిస్తే చెక్క తగిలే మేర ఎక్కువ కాబట్టి రంగు చిక్కగా వచ్చేస్తుంది. బఫెలో ట్రేస్ కూడా 2006లో 5, 10, 15 గ్యాలన్ల పీపాల్లో పోసి చూసింది. ఏటా రుచి చూస్తూ వచ్చి, చివరికి 2012లో ఆ ప్రయోగం విఫలమని బయటికే చెప్పింది. రంగు ముదిరింది, చెక్క రుచి ఎక్కింది, లోతు మాత్రం రాలేదు.

కాబట్టి నా మాట ఇది: కుర్ర సరుకు కొనాలనుకుంటే పెద్ద పీపాలో నాలుగేళ్లున్నదే కొనండి. చిన్న పీపాలో ఏడాదిన్నర ఉన్నదాని రంగు చూసి మోసపోవద్దు.

చికాగో అక్క

వచ్చాను. రై గురించి.

మొక్కజొన్నది మెత్తని, తియ్యని స్వభావం. ఆ తీపికి చెక్క తోడైతేనే అందం, అందుకే కుర్ర బర్బన్ బోసిగా ఉంటుంది. రై అలా కాదు, దాని ఘాటు గింజలోనే ఉంది. మిరియం, పుదీనా, సోంపు, కొన్నిట్లో సోయికూర వాసన. చెక్క మరీ ఎక్కువైతే ఇవన్నీ అణిగిపోతాయి. కొత్త ఆవకాయకి ఉండే ఆవఘాటు ఏడాది నాటి జాడీలో ఉండదు కదా, ఆ కొత్తదే కావాలనేవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది! కుర్ర రై అలాంటి వాళ్ల కోసం.

ఇందులోనూ రెండు కుటుంబాలున్నాయి. కెంటకీ తరహా రై, రిటెన్‌హౌస్ లాంటిది, 51 శాతం గీత మీదే ఉంటుంది. మిగతాది ఎక్కువగా మొక్కజొన్నే కాబట్టి బర్బన్ తాగేవాళ్లకి అలవాటవుతుంది. రెండోది ఇండియానాలో లారెన్స్‌బర్గ్ సరుకు. ఒకప్పటి సీగ్రమ్స్ డిస్టిలరీ, తర్వాత ఎమ్.జి.పి. పేరు వచ్చింది. 95 శాతం రై, 5 శాతం మాల్ట్ చేసిన బార్లీ. బుల్లెట్ రై అదే. గ్లాసులో పోసి కాసేపు వదిలేసి ముక్కు పెడితే సోయికూర వేసిన ఊరగాయ సీసా మూత తీసినట్టే ఉంటుంది. కొందరికి ఆ వాసనే ప్రాణం, కొందరు దగ్గరికి కూడా రారు.

నేను ఎక్కువగా కాక్‌టెయిల్స్ కలుపుతాను. మా ఇంట్లో మన్‌హాటన్‌కి రిటెన్‌హౌస్ తప్ప ఇంకోటి పోయను. రెండు వంతులు రై, ఒక వంతు తీపి వెర్మూత్ (మూలికలు వేసిన వైన్), రెండు చుక్కలు బిటర్స్ (చేదు మూలికల సారం). ఐసుతో బాగా తిప్పేసరికి నీరు దిగి బలం తగ్గుతుంది. 40 శాతం రై పోస్తే వెర్మూత్ కింద నలిగిపోతుంది, 50 శాతంది నిలబడుతుంది. అదే పానీయంలో పదిహేనేళ్ల సీసా పోస్తే మాత్రం ఆ వయసు, ఆ డబ్బు రెండూ వెర్మూత్‌లో కలిసిపోతాయి. 2000ల్లో రై మళ్లీ బతికి బట్టకట్టిందంటే బార్టెండర్ల పుణ్యమే. వాళ్లు ఎంచుకున్నది ఇలాంటి సీసాలనే.

ఓరుగల్లు న్యూజెర్సీ

అక్కా, కాక్‌టెయిల్ సంగతి వేరే, అందుల నీ మాటే నా మాట. నేనడిగేది ఉత్త గ్లాసుల పోసుకొని కూసున్నప్పుడు సంగతి. కెమిస్ట్రీ తమ్ముడు నేను చెప్పిందే చెప్పిండు: నునుపు రావాలంటే ఏండ్లు పట్టాలె. నాలుగేండ్ల బర్బన్ బాగుంటదని సైన్సుల ఏడ లేదు.

డాలస్ గోదారోడు

ఓరుగల్లు గారూ, ఏళ్లకన్నా ముందు చూడాల్సింది ప్రూఫ్, అంటే ఆల్కహాల్ బలం, అని నా వాదన. ఒక ఉదాహరణ చెప్తాను, మీ న్యూజెర్సీలో ఏ కొట్లోనైనా ఈ రెండూ దొరుకుతాయి.

బాసిల్ హేడెన్, ఓల్డ్ గ్రాండ్‌డాడ్ బాండెడ్. రెండూ జిమ్ బీమ్ వాళ్లవే. రెండిట్లోనూ ధాన్యం పాళ్లు ఒకటే, మామూలు బీమ్ కన్నా రై ఎక్కువ వేసే పాళ్లు. ఓల్డ్ గ్రాండ్‌డాడ్ లేబుల్ మీద బొమ్మ ఎవరిదనుకున్నారు? బాసిల్ హేడెన్ గారిదే. ఆయన మనవడు తాత పేరు మీద పెట్టిన బ్రాండు అది. 1987లో నేషనల్ డిస్టిలర్స్ వ్యాపారంతో పాటు బీమ్ చేతికొచ్చింది. ఓల్డ్ క్రో, ఓల్డ్ ఓవర్‌హోల్ట్ కూడా ఆ మూటలోనివే. తర్వాత 1992లో అదే తాతగారి పేరుతో ఇంకో సీసా చేసి, 40 శాతానికి నీళ్లు కలిపి, మెడకి కాగితం కండువా లాంటిది కట్టి, రేటు దాదాపు రెట్టింపు పెట్టారు.

రెండూ పక్కపక్కన పోయండి. బాసిల్ హేడెన్ తేలిగ్గా, టీ నీళ్లలా జారిపోతుంది. గ్రాండ్‌డాడ్‌లో నారింజ తొక్క, దాల్చిన చెక్క, వేరుశెనగ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మంట అనిపిస్తే 60 మి.లీ. పెగ్గులో మూడు టీ చెంచాల నీళ్లు పోయండి. అదీ 40 శాతమే అవుతుంది, అయినా రుచి చిక్కగానే ఉంటుంది. ఆ నీళ్లకి ఫ్యాక్టరీ వాళ్లకి డబ్బు కట్టడమెందుకు? 750 మి.లీ. బాండ్ సీసాని 40 శాతానికి దించితే 930 మి.లీ. పైమాటే అవుతుంది.

కెమిస్ట్రీ ల్యాబు

డాలస్ గారి నీళ్ల మాటకి చిన్న చేర్పు. పీపాలో పోసేటప్పటి బలం కూడా లెక్కలోకి వస్తుంది. చట్టం 62.5 దాకా ఒప్పుకుంటుంది, ఎక్కువమంది అక్కడిదాకా వెళ్తారు, పీపాలు తక్కువ పడతాయి కాబట్టి. వైల్డ్ టర్కీ 57.5 దగ్గరే ఆపేస్తుంది, మేకర్స్ మార్క్ 55 దగ్గర. నీరు ఎక్కువున్న సరుకు చెక్కలోని చక్కెరల్ని బాగా లాగుతుంది. పైగా సీసాలో పోసేముందు కలపాల్సిన నీళ్లూ తక్కువే. 101లో వయసుకి మించిన చిక్కదనం కనిపిస్తుందంటే కారణాల్లో ఇదొకటి. 1954 నుంచి అక్కడే పనిచేస్తూ వచ్చిన జిమ్మీ రస్సెల్ ఈ పద్ధతిని పట్టుకుని కూర్చున్న మనిషి.

ఆస్టిన్ చింతచెట్టు

అందరూ పెద్ద కంపెనీలనే మెచ్చుకుంటున్నారు. చిన్న డిస్టిలరీల తరఫున ఒక్కరైనా మాట్లాడాలి కదండీ.

రెండేళ్ల సరుకు అరవై డాలర్లా అంటే, అవును, వాళ్లకి అంతకన్నా దారి లేదు. హెవెన్ హిల్‌కి లక్షల పీపాలున్నాయి, నాలుగేళ్లు ఆగగలదు. మా పక్క చిన్నవాళ్లు అప్పు తెచ్చి రాగి బట్టీ పెట్టి, పీపాలు నింపి కూర్చుంటే జీతాలెవరిస్తారు? పైగా టెక్సస్ ఎండలు కెంటకీ ఎండలు కావు. వేకోలో బాల్కోన్స్ వాళ్లు 2008లో మొదలెట్టి నీలం మొక్కజొన్నతో బేబీ బ్లూ చేశారు. వయసులో పసిది, రుచిలో మాత్రం ఇంకెక్కడా దొరకని సరుకు. కాల్చిన మొక్కజొన్న పొత్తు వాసన దాచకుండా ముందుకు తెచ్చారు. కుర్రదనం లోపం అని ఎందుకనుకోవాలి? మాకు ఆ ధాన్యమే కావాలి.

లూయివిల్ పక్కూరు

చింతచెట్టు గారు చెప్పింది న్యాయమే. ధాన్యం రుచి కోసమే చేసిన కుర్ర విస్కీకి నేను వ్యతిరేకం కాదు. మా దగ్గర్లో కాచే మెల్లో కార్న్ కూడా అలాంటిదే. బాండెడ్ కార్న్ విస్కీ, పాత పీపాల్లో ఉంచుతారు కాబట్టి రంగు లేత పసుపు. వెన్న రాసిన పాప్‌కార్న్ రుచి. పదిహేను ఇరవై డాలర్లలో అంత విలక్షణమైనది ఇంకోటి లేదు.

నాకు నచ్చనిది ఒక్కటే. ఎవరో కాచిన సరుకు కొనుక్కొచ్చి, సొంత ఊరి కథ అల్లి, తాత ఫోటో పెట్టి అమ్మడం. టెంపుల్టన్ రై సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. పేరంతా అయోవా రాష్ట్రానిది, సరుకు మాత్రం అప్పట్లో ఇండియానా లారెన్స్‌బర్గ్‌ది. కొన్నవాళ్లు కోర్టుకెక్కారు, 2015లో రాజీ కుదిరింది. ఆ రై చెడ్డది కాదు. అదే పాళ్ల రై ఇంకో లేబుల్‌తో పక్క అరలో తక్కువకి ఉంటుంది, అదీ బాధ. అందుకే సీసా వెనక్కి తిప్పి 'డిస్టిల్డ్ బై' అని ఉందా, 'ప్రొడ్యూస్డ్ బై', 'బాటిల్డ్ బై' అని మాత్రమే ఉందా చూడండి. సరుకు వేరే రాష్ట్రంలో కాచినదైతే ఆ రాష్ట్రం పేరు ఎక్కడో ఒక చోట ఉండాలి.

డ్యూటీ డాక్టర్

రుచి గొడవలోకి నేను రాను గానీ ఒక్క మాట. 50 శాతం సీసా పక్కన పెట్టుకుని 40 శాతం లెక్కలో పెగ్గులు పోయకండి. అమెరికాలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్. 40 శాతం విస్కీ అయితే 44 మి.లీ. మన అలవాటు ప్రకారం 60 మి.లీ. పెద్ద పెగ్గు 50 శాతంది పోస్తే ఒక్క గ్లాసులోనే 24 గ్రాముల దాకా వెళ్తుంది, అంటే ఒకటిన్నర డ్రింకుకీ ఒకటీ ముప్పావు డ్రింకుకీ మధ్య. రెండు పెగ్గులు తాగాను అనుకునే మనిషి నిజానికి మూడు దాటాడు. కారు తాళాలు ముందే ఇంట్లోవాళ్ల చేతికివ్వండి. ఇండియా వెళ్లినప్పుడైతే అక్కడి హద్దు ఇంకా తక్కువ, వంద మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. టెక్సస్ హద్దులో సగం కూడా కాదు.

సీమ బెంగళూరు

డాక్టరు సారు చెప్పింది నిజం.

మా పక్క సంగతి కూడా చెప్తా వినండి. ఇక్కడ షాపుల్లో బర్బన్ అంటే జిమ్ బీమ్ తెల్ల లేబుల్, అదృష్టముంటే ఇంకొకటో రెండో. 2025 ఫిబ్రవరిలో బర్బన్ మీద దిగుమతి సుంకం 150 నుంచి 100 శాతానికి తగ్గించినారు. అయినా మీరు ఇరవై డాలర్లకి కొనే సీసా మాకు ఆ రేటుకి రాదు, దాని మీద రాష్ట్రం పన్నులు వేరే ఉండాయి. కాబట్టి మీరు చవక అనేది మాకు చవక కాదబ్బా.

వయసు గురించి మాత్రం మా ఊరు ఒక సాక్ష్యం చెప్తాది. అమృత్ వాళ్లు ఇక్కడే బెంగళూరులో సింగిల్ మాల్ట్ చేసి 2004లో గ్లాస్గోలో మొదటగా అమ్మినారు. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏడాదికి రెండు శాతం ఆవిరైపోతే ఇక్కడ పదీ పన్నెండు శాతం పోతాది. పన్నెండేళ్లు పెడితే పీపాలో ఏముంటాది? నాలుగైదేళ్లకే దించేస్తారు. ఫ్యూజన్ అని వాళ్లది తాగినోళ్లెవురూ ఇది పసిది అని అనలేదు. కెంటకీలో మూడు నుంచి ఐదు శాతం అంటారు కదా, అంటే మీరు మధ్యలో ఉండారు. నాలుగేళ్ల బర్బన్‌ని తక్కువ చూడాల్సిన పని లేదని నా ఉద్దేశం కూడా.

నిర్వాహకులు

మంచి చర్చ. ఒక విన్నపం: సీసాలు అమ్ముతాం, కొంటాం, పంపిస్తాం అనే పోస్టులు ఇక్కడ వేయకండి. అలాంటివి రెండు తొలగించాం.

ఓరుగల్లు న్యూజెర్సీ

డాలస్ అన్న చెప్పినట్టు రెండు సీసాలు పక్కపక్కన పెట్టి చూసిన. రిటెన్‌హౌస్ కూడ తెచ్చిన, అక్క మాట మీద. లేబుళ్లు కనపడకుండ మా ఆమెతోని పోయించిన.

గ్రాండ్‌డాడ్ బాండెడ్ బాసిల్ హేడెన్ కంటే బాగున్నది, అండ్ల డౌటే లేదు. మూడు చెంచాల నీళ్లతోని మంట పోయింది, దాల్చిన చెక్క మిగిలింది. రిటెన్‌హౌస్ నాకు మస్తు నచ్చింది. మిర్యం ఘాటు, ఎనుక కోకో పొడి అసొంటి చేదు. ఇది నీళ్లు లేకుండనే తాగుత. రైకి నాలుగేండ్లు చాలు, రాసుకోండ్రి.

కని బర్బన్ కాడ నా మాట నాదే. అదే రోజు వైల్డ్ టర్కీ 101 కూడ పెట్టిన. గ్రాండ్‌డాడ్ మొదాలు బాగుంటది, మింగినంక జల్ది ఎల్లిపోతది. టర్కీ నోట్లనే ఉంటది, వెనిలా, తోలు, పొగాకు ఒక్కొక్కటే వస్తుంటయి. రెండు మూడు డాలర్ల తేడాకు ఆరేండ్లది దొరుకుతుంటే నాలుగేండ్లది ఎందుకు కొనాలె? అంకె లేని సీసా చవకదైనా పెద్దదే ఉండొచ్చన్నది మాత్రం మంచి ముచ్చట.

డాలస్ గోదారోడు

ఇది నిక్కమైన సమాధానం, దీన్ని కాదనలేను. 101 దొరికే చోట ముందు 101 కొనమనే నేనూ చెప్తాను. గ్రాండ్‌డాడ్ నాకెందుకిష్టమంటే ఆ రై కారం కోసం. టర్కీ ధాన్యంలో రై 13 శాతం చుట్టుపక్కల, గ్రాండ్‌డాడ్‌లో దానికి రెట్టింపు. మిర్చి బజ్జీలున్న రోజున గ్రాండ్‌డాడ్, ఊరికే కూర్చున్న రోజున టర్కీ.

ఒక్క సంగతి మాత్రం మనసులో ముల్లులా ఉంది. ఈ చవక సీసాలు ఇలాగే ఉంటాయన్న భరోసా లేదు. కెంటకీలో మాత్రమే అమ్మే హెవెన్ హిల్ ఆరేళ్ల బాండ్ సీసా పన్నెండు డాలర్ల దగ్గర దొరికేది. దాన్ని ఆపేసి, ఏడేళ్లదిగా చేసి, నలభైకి తెచ్చారు. హెన్రీ మెకెన్నా పదేళ్లది ముప్పై ముప్పై అయిదుకి అరల్లో పడుండేది. 2019లో శాన్‌ఫ్రాన్సిస్కో పోటీలో విస్కీలన్నిటిలో మేటిగా ఎంపికైంది, ఆ తర్వాత అరలు ఖాళీ, ధర ఎటో పోయింది. ఎలైజా క్రెయిగ్ మీది పన్నెండేళ్ల అంకె 2016లో తీసేశారు. మంచి చవక సీసాని మనం పట్టించుకోకపోతే కంపెనీలకి దాన్ని నిలబెట్టాల్సిన అవసరం ఉండదు. మనం కొంటేనే ఉంటాయి.

చికాగో అక్క

పోయేవే కాదు, తిరిగొచ్చేవీ ఉన్నాయి గోదారి తమ్ముడూ. ఓల్డ్ ఓవర్‌హోల్ట్ చూడు. 1810 నాటి పెన్సిల్వేనియా పేరు, ఎన్నో ఏళ్లు 40 శాతంతో నీరసంగా ఉండేది. బాండెడ్ తెచ్చారు, 2020లో మామూలుది కూడా 43కి పెంచారు. అడిగేవాళ్లుండబట్టే కదా. మేకర్స్ మార్క్ 2013లో 45 నుంచి 42కి తగ్గిస్తామని ప్రకటించి, జనం గోల పెడితే వారం పది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. తాగేవాళ్లు నోరు విప్పితే వినేవాళ్లు ఉంటారు.

సీమ బెంగళూరు

అందరికీ ఒక ప్రశ్న. మా బావ వచ్చే నెల అట్లాంటా నుంచి వస్తాండాడు. రెండు లీటర్లే తేవొచ్చు కదా కస్టమ్స్ కట్టకుండా. ఏం తెమ్మని చెప్పాల? యాభై అరవై డాలర్లు మించొద్దు, రెండూ కలిపి.

లూయివిల్ పక్కూరు

వైల్డ్ టర్కీ 101 లీటరు సీసా ఒకటి. రెండోది రిటెన్‌హౌస్. అది 750 మి.లీ. అయినా ఫరవాలేదు, మొత్తం రెండు లీటర్ల లోపే ఉంటుంది. రెండూ కలిపి నీ బడ్జెట్‌కి కాస్త అటూ ఇటూగా వస్తాయి. 70 శాతం లోపు బలం కాబట్టి చెక్ ఇన్ సామానులో పెట్టుకోవచ్చు. మూత తీయకుండా, కొన్నట్టే సీలుతో ఉండాలి. బట్టల మధ్యలో చుట్టి పెట్టెకి నడిమధ్యన పెట్టమను, అంచుల్లో వద్దు.

ఓరుగల్లు న్యూజెర్సీ

రిటెన్‌హౌస్ దొరకకుంటే పైక్స్‌విల్ అడగమను. అదే హెవెన్ హిల్, ఆరేండ్లది, 55 శాతం. కని బడ్జెట్ దాటుతది.

సీమ బెంగళూరు

రాసుకున్నా అన్నా. బావకి లేబుళ్ల ఫోటోలు ఇప్పుడే పంపిస్తాండా.